కేకు మీద మాల్గుడి

శంకర్ నాగ్ 1986లో కర్ణాటకలోని ఆగుంబెలో చిత్రించిన 'మాల్గుడి డేస్' మా ఇంట అందరికీ ప్రీతిపాత్రమైన దూరదర్శన్ ధారావాహిక. ఈ జనవరిలో అమ్మ డెబ్బై అయిదవ పుట్టినరోజుకు ఆ మాల్గుడిని కేకు మీదికి తేవాలని పూనుకున్నాను. అమ్మకు జ్ఞాపకశక్తి క్షీణిస్తున్నది. ఒక్కొక్కప్పుడు నన్ను తన చెల్లెలనుకుంటుంది.

గుడ్డు ముట్టదు గనుక కండెన్స్‌డ్ మిల్క్‌తో కేకు చేశాను. అసలు చిక్కు బొమ్మలతోనే. ఆర్.కె. లక్ష్మణ్ గీతలో ఒక్క వంపు తప్పితే మనిషే మారిపోతాడు. అందుచేత బొమ్మ మీద బటర్ పేపర్ పరచి, కరిగించిన చాక్లెట్‌తో గీతలు దిద్ది, ఫ్రిజ్‌లో గట్టిపడనిచ్చి, తడి ఆరని పంచదార పూత మీద బోర్లించి కాగితం ఒలిచాను. బోర్లిస్తే కుడి ఎడమవుతుంది. స్టేషను పేరును అద్దంలో చూసినట్లు తిరగేసి రాయవలసివచ్చింది. వాక్యాన్ని తిరగేస్తే గాని తెలుగులో తిన్నగా నిలవకపోవడం నా వృత్తిలో నిత్యానుభవమే!

అమ్మకు హిందీ రాదు. హైదరాబాదులో పెరిగిన నాకు వీధే హిందీ నేర్పింది. పొరుగింటి టి.వి. ముందు కూర్చుని స్వామి మాటలను ఆమె చెవిలో తెలుగులో చెప్పేదాన్ని. ఆర్.కె. నారాయణ్ ఇంగ్లీషు హిందీగా మారి, నా తొమ్మిదేళ్ల నోట తెలుగయ్యేది. నా తొలి అనువాదం అదే.

కేకు ముందు కూర్చోబెట్టగానే అమ్మ, ఈ పుట్టినరోజెవరిదని అడిగింది. చాక్లెట్ స్వామిని చాలాసేపు చూసింది. తరవాత నా వైపు చెవి ఒగ్గి, "ఏమంటున్నాడే?" అంది.

"పరీక్షలైపోయాయంటున్నాడమ్మా."

"అయితే ముందు వాడికి పెట్టు," అంది.