బీర్పూర్‌లో థర్డ్ అంపైర్ ఎవరు?

జగిత్యాల నుంచి సారంగాపూర్ మీదుగా బీర్పూర్ పోయే దారిలో వరి పొలాలు, మక్క చేన్లు, పసుపు తోటలు దాటాక గుట్టలు మొదలవుతాయి. ఉత్తరం దిక్కు పోతే గోదావరి. 2016లో కొత్త జిల్లాలు వచ్చినప్పుడు బీర్పూర్ కూడా మండలమైంది. బయటి నుంచి వచ్చేవాళ్లలో చాలామంది ఇక్కడి గుట్ట మీది లక్ష్మీనరసింహస్వామి దర్శనానికే వస్తారు. నేను మాత్రం సంక్రాంతికి హైదరాబాద్ నుంచి మా మేనమామ ఇంటికి వస్తా. పండుగంటే మా బ్యాచ్‌కు సకినాలు ఎంత ముఖ్యమో, క్రికెట్ అంతే ముఖ్యం.

గ్రౌండ్ అంటే పెద్దగా ఊహించుకోకండి. ఊరి చివర ఖాళీ జాగ, సున్నంతో గీసిన క్రీజు, మూడు కట్టెలు, టెన్నిస్ బాల్. ఒక దిక్కు బౌండరీ చేను గట్టు, ఇంకో దిక్కు చింతచెట్టు. బ్యాటింగ్ టీమ్ పిల్లలే అంపైర్లు. ఇన్నేళ్లూ ఇట్లనే నడిచింది. ఫోన్లు వచ్చాక లెక్క మారింది.

మొన్నటి పండుగకు ఫైనల్లో చివరి ఓవర్. రనౌట్ అప్పీల్. ఇంటర్ చదివే తమ్ముడు ఒకడు అంపైరింగ్ చేస్తున్నడు. నాటౌట్ అన్నడు. ఫీల్డింగ్ టీమ్ దోస్తు ఒకడు గట్టు మీద కూర్చొని వీడియో తీస్తున్నడట. ఇంకేముంది, ఆట ఆగింది. ఒక్క ఫోన్ చుట్టూ ఇరవై తలకాయలు.

“చూడు, బ్యాటు గీత దాటలే!”

“దాటింది అన్నా, జూమ్ చేసి చూడు!”

జూమ్ చేస్తే బ్యాటూ లేదు, గీతా లేదు. తెల్లగా ఏదో మసక. అరగంట లొల్లి అయింది. ఆఖరికి ఆ తమ్ముడు టోపీ తీసి, “గా ఫోన్‌నే అంపైర్‌గా నిలబెట్టుకోండి” అని ఇంటికి పోయిండు. ప్రైజ్ మనీ చెరి సగం పంచారు. మరునాడు ఆడుదామంటే ఆటగాళ్లు ఉన్నారు గానీ, అంపైర్‌గా నిలబడేవాడు ఒక్కడూ లేడు.

కొంచెం లెక్క చూద్దాం. ఫోన్ మామూలుగా సెకనుకు 30 ఫ్రేములు తీస్తుంది. పరుగెత్తేవాడు సెకనుకు ఆరు మీటర్లు పోతున్నాడనుకోండి, ఒక ఫ్రేముకూ ఇంకో ఫ్రేముకూ మధ్య 20 సెంటీమీటర్లు కదులుతాడు. గంటకు 100 కిలోమీటర్ల బంతి అయితే 90 సెంటీమీటర్ల పైనే. అసలు విషయం ఆ రెండు ఫ్రేముల మధ్యే జరిగితే? పైగా కెమెరా క్రీజుకు సూటిగా లేక పక్కకు ఉంటే, దాటిన బ్యాటు దాటనట్టు కనిపిస్తుంది. వీడియో అబద్ధం చెప్పదు, నిజమే. కానీ అన్నీ చెప్పదు.

మన దగ్గరే కాదు, కోట్ల రూపాయల కెమెరాలున్న చోటా ఇదే పంచాయితీ. 2024 నవంబర్ 22, పెర్త్ టెస్టు. మన వైజాగ్ కుర్రాడు నితీశ్ కుమార్ రెడ్డి అరంగేట్రం చేసిన మ్యాచ్. 26 పరుగుల మీదున్న కేఎల్ రాహుల్‌ను ఫీల్డ్ అంపైర్ నాటౌట్ అంటే, థర్డ్ అంపైర్ మార్చి ఔటిచ్చారు. స్నికోలో గీత లేచింది. అది బంతి తగిలిందా, బ్యాటు ప్యాడ్‌కు తగిలిందా? ముందు నుంచి చూపే సరైన యాంగిల్ దొరకకుండానే నిర్ణయం మారిపోయింది. నెల తర్వాత మెల్‌బోర్న్‌లో, నితీశ్ 114 కొట్టిన టెస్టులోనే, 84 మీదున్న జైస్వాల్‌కు ఉల్టా జరిగింది. స్నికోలో ఏమీ లేదు, కానీ బంతి దారి మారినట్టు కంటికి కనిపించింది. ఔటిచ్చారు. ఒకచోట మిషన్‌ను నమ్మారు, ఇంకోచోట కంటిని.

మన ఊళ్ల నుంచి ఎంఎస్‌కు పోయినవాళ్లు అమెరికా కాలేజీ ఫుట్‌బాల్ పిచ్చి చూసే ఉంటారు. అక్కడా అంతే. 2006 సెప్టెంబర్ 16న ఓక్లహోమాపై ఒరెగాన్ 34-33తో గెలిచింది. చివర్లో ఒరెగాన్ కొట్టిన చిన్న కిక్ పది గజాలు పోకముందే వాళ్ల ఆటగాడే బంతిని ముట్టుకున్నాడు. రూల్ ప్రకారం అది చెల్లదు. రీప్లే చూశాక కూడా బంతి ఒరెగాన్‌కే ఇచ్చారు. తర్వాత ఆ కాన్ఫరెన్స్ మైదానంలోని అధికారులను, రీప్లే అధికారిని ఒక మ్యాచ్‌కు సస్పెండ్ చేసింది. స్కోరు మాత్రం మారలేదు.

అయినా అక్కడ మరుసటి వారం ఆట నడిచింది. ఎందుకంటే వాళ్లకు ఒక రూల్ ముందే ఉంది: తిరుగులేని ఆధారం కనిపిస్తేనే మైదానంలోని నిర్ణయం మార్చాలి, లేకపోతే మొదటి మాటే నిలబడాలి. క్రికెట్ రివ్యూలోనూ సూత్రం దాదాపు అదే. తప్పులు జరుగుతాయి. కానీ అనుమానం మిగిలితే మాట ఎవరిదో మ్యాచ్‌కు ముందే తెలుసు. మా ఊళ్లో లేనిది కెమెరా కాదు, ఆ ఒప్పందం.

అందుకే వచ్చే సంక్రాంతికి మా బ్యాచ్ మూడు ముచ్చట్లు అనుకుంది. ఫోన్ క్రీజుకు సూటిగా, స్టాండ్ మీద, రెండు టీములకూ సంబంధం లేనివాడి చేతిలో ఉండాలి. టీముకు ఒక్కటే రివ్యూ. వీడియోలో స్పష్టంగా లేకపోతే అంపైర్ మాటే ఫైనల్, లొల్లి చేసినోడు ఆట బయట.

మీ ఊళ్లో కూడా పండుగ టోర్నమెంట్ ఉంటే, ఎంట్రీ ఫీజు కట్టేముందే ఇది మాట్లాడుకోండి. వీడియో ఎవడైనా తీస్తాడు. ఎండలో నిలబడి, దోస్తులతో తిట్లు తిని, ఔటో కాదో చెప్పేవాడు దొరకడమే కష్టం.