రేకు పని

2024 ఏప్రిల్ 9, ఉగాది
క్రోధి నామ సంవత్సరం. టీవీలో పంచాంగ శ్రవణం. నా రాశికి ఆదాయం తక్కువ, వ్యయం ఎక్కువ. లేచి వెళ్లి కారు మీద టార్పాలిన్ తీశాను.

ప్రీమియర్ పద్మిని, 1978. నాన్నగారిది. హుద్‌హుద్ తుఫాను రోజు, 2014 అక్టోబరు 12న, షెడ్డు పైరేకులన్నీ ఎగిరిపోయాయి. కారు ఎగరలేదు. అప్పట్నుంచి టార్పాలిన్ కిందే. వెనక సీట్లో పిల్లి, నాలుగు పిల్లలు. ఎవరి కారులోకి ఎవరొచ్చారన్నట్టు చూసింది.

ఏప్రిల్ 11
ఫ్రిజ్ మీద తిరుపతి మాగ్నెట్ ఉంది. అది పట్టుకుని బాడీ అంతా తిరిగాను. రేకున్న చోట అంటుకుంటుంది. లప్పం దట్టంగా ఉన్న చోట అంటుకోదు. టాపు అంటింది. బానెట్ అంటింది. ఎడమ వెనక మడ్‌గార్డ్ కింది అంచున స్వామి జారి కింద పడ్డాడు. మళ్లీ పెట్టాను. మళ్లీ పడ్డాడు. మా ఆవిడ చూడలేదు. తుడిచి, కళ్లకద్దుకుని ఫ్రిజ్‌కి పెట్టేశాను.

ఏప్రిల్ 14, ఆదివారం
మేస్త్రి వచ్చాడు. ఆటోనగర్‌లో టింకరింగ్. స్క్రూడ్రైవర్ తీసి డ్రైవరు కాళ్ల దగ్గర పొడిచాడు. పిడి దాకా దిగింది.

"ఇది కారేటి సార్? ఉత్త రంగు. కారులాగ నిలబడిపోనాది, అంతే."

షెడ్డుకి తెస్తే ఎప్పుడిస్తాడో చెప్పలేడు. ఇంటి దగ్గరైతే ఆదివారాలు వస్తాడు. ఆరు రోజులు నేను పాడుచేస్తాను, ఏడో రోజు అతను బాగుచేస్తాడు. అలా కుదిరింది.

ఏప్రిల్ 15
"ఛాసిస్ బాగుంటే బండి బాగున్నట్టే" అనేవారు నాన్నగారు. ఈ కారుకి విడిగా ఛాసిస్ లేదు. రేకులు మడిచి పెట్టెల్లా అతికిన బాడీయే ఛాసిస్. ఇటలీలో 1953లో ఫియట్ 1100 కొత్త రూపు వచ్చినప్పటి నుంచీ అంతే. లేని ఛాసిస్‌ని ఆయన చివరిదాకా నమ్మారు. మోసింది కూడా.

ఏప్రిల్ 18
గీకుతున్నాను. తెలుపు. కింద క్రీము. కింద రెడాక్సైడ్. కింద లప్పం, అర అంగుళం. దాని కింద రేకు ఎగ్ పఫ్‌లా పొరలు పొరలుగా లేచి ఉంది. గుడ్డు లేదు.

ఇనుము తుప్పయితే ఉబ్బుతుంది. ఉన్న చోటు చాలదు. అందుకే రంగు బుడగలా లేస్తుంది. బుడగ కనబడేసరికి లోపల పని అయిపోయి ఉంటుంది.

సముద్రం ఇక్కడికి కిలోమీటరు లోపే. సాయంత్రం గాలి హాయిగా ఉంటుంది. ఉప్పు కూడా తెస్తుంది.

ఏప్రిల్ 21, ఆదివారం
డ్రైవరు వైపు తలుపు కింది పెట్టె కోశాం. కోసే ముందు మేస్త్రి తలుపు సందులో అడ్డంగా యాంగిల్ ముక్క అతికాడు. లేకపోతే కారు నడుం దిగుతుందిట. తర్వాత తలుపు పడదు. "ముందర కట్టు, తరవాతే కోత."

లోపల పాత అతుకు. డాల్డా డబ్బా రేకు, రివెట్లు కొట్టి. చెట్టు బొమ్మ సగం ఉంది. చుట్టూ కారు రేకు పోయింది, డబ్బా ముక్క ఉంది. దాని వెనక కుక్కిన న్యూస్‌పేపర్. సినిమా ప్రకటన. సినిమా పేరు తుప్పు తినేసింది. "రోజూ 4 ఆటలు" మిగిలింది.

ఏప్రిల్ 24
ఊడ్చిన తుప్పు వంటింటి కాటా మీద తూచాను. 3 కిలోల 400 గ్రాములు. పాత సామాన్లవాడిని అడిగాను, కొంటావా అని.
"ఇనుముంటే ఇవ్వండి."
"ఇది ఇనుమే."
"అయ్యుంటాది. ఇప్పుడు కాదు కదా."

100 గ్రాముల తుప్పులో ఇనుము 70కి మించదు. మిగతాది గాలిలోంచీ తడిలోంచీ వచ్చి చేరింది. అంటే కిలో పైన గాలీ నీళ్లూ తూచాను. కాటా కడిగి పెట్టాను.

ఏప్రిల్ 30
రేకు కొన్నాను. 20 గేజి, కోల్డ్ రోల్డ్. ఎనిమిదడుగులు, నాలుగడుగులు. 21 కిలోలు. చుట్టచుట్టి తాడు కట్టి ఆటోలో తెచ్చాను. మలుపులో తాడు తెగింది. రేకు దానంతటదే పెద్ద చప్పుడుతో విప్పుకుంది. ఆటో డ్రైవరు దేవుణ్ణి తలుచుకున్నాడు.

ఊళ్లో అంత పెద్ద ఉక్కు ఫ్యాక్టరీ ఉంది. అక్కడ కమ్మీలు, వైరు రాడ్లు, యాంగిళ్లు చేస్తారు. కారు రేకు చెయ్యరు. అది వేరే రాష్ట్రం నుంచి రావాలి.

మే 2
వెల్డింగ్ నేర్చుకుంటున్నాను. బ్యాటరీ విప్పాను. పెట్రోలు ట్యాంకు ఊడదీసి పెరటి చివర పెట్టాను. ఒక రంధ్రం పూడ్చబోయాను. రెండయ్యాయి. రెండూ పూడ్చబోయాను. ఒకటయింది, పెద్దది.

పక్కింటాయన గోడ మీంచి: "మాస్టారూ, మీరక్కడ అంటిస్తుంటే ఇక్కడ మా ఫ్యాను తిరగడం మానేస్తోంది."

మే 5, ఆదివారం
మేస్త్రి పాఠం. పల్చటి రేకుకి గీత లాగినట్టు అతక్కూడదు. ఒక చుక్క. జానెడు అవతల ఇంకో చుక్క. వేలు పెట్టి చూడాలి. వేలు ఆగితేనే మూడో చుక్క. తొందరపడితే రేకు అప్పడంలా వంకర తిరుగుతుంది.

సందు పెద్దదైతే వెనక రాగి ముక్క పట్టుకోవాలి. కరిగిన ఇనుము రాగికి అంటదు, సందు మాత్రం నిండుతుంది. ఇంట్లో ఏదైనా ఉందా అన్నాడు.

రాత్రి ఆవిడ: "ఏమండీ, రాగి చెంబు మూత కనబడ్డం లేదు."
"ఏ చెంబు?"

మే 8
పాత డబ్బాలో జీఐ రేకు ముక్క దొరికింది. తుప్పు పట్టదు కదా అని డికీలో అతికాను. తెల్లటి పొగ, తియ్యటి రుచి. సాయంత్రానికి చలి, జ్వరం. జింకు పొగ. పొద్దున్నకి పోయింది. మేస్త్రికి ఫోన్ చేశాను. తిట్టలేదు. "పాలు తాగండి" అన్నాడు. పాలకీ జింకుకీ ఏం సంబంధమో అడగలేదు. తాగాను.

మే 13
పోలింగ్. ఎడమ చూపుడువేలికి సిరా. మిగతా వేళ్లకి రెడాక్సైడ్. సిరా పూసే అమ్మాయి ఏ వేలికి పూయాలా అని ఒక క్షణం ఆలోచించింది.

మే 16
పట్టేసిన బోల్టులు నాలుగు కోలాలో వేశాను. అందులో ఫాస్ఫారిక్ యాసిడ్ ఉంటుంది. ఇంకో నాలుగు చింతపండు రసంలో. రాత్రంతా. రెండింట్లోనూ తుప్పు వదిలింది. ఆవిడ గిన్నె చూసింది, బోల్టులు చూసింది. కిలో చింతపండు ధర చెప్పి వెళ్లిపోయింది.

మే 19, ఆదివారం
మడ్‌గార్డ్ లోపలివైపు ఫాస్ఫారిక్ యాసిడ్ పూశాం. బ్రష్ పట్టని మూలల్లో పాత టూత్‌బ్రష్. ఎర్ర తుప్పు నల్లబడింది. ఐరన్ ఫాస్ఫేట్ పొర. ఢిల్లీ ఇనుప స్తంభం 1600 ఏళ్లుగా నిలబడింది కూడా ఆ ఇనుములో ఫాస్ఫరస్ ఎక్కువ ఉండబట్టే. కాన్పూర్ ఐఐటీలో బాలసుబ్రమణ్యం గారు ఏళ్ల తరబడి దాని మీదే పనిచేశారు. మేస్త్రికి చెప్పాను.
"దాన్ని ఎవలూ తోల్లేదు కదా సార్."

మే 23
అమ్మాయి ఫోన్, డల్లాస్ నుంచి. వీడియోలో కారు చూపించాను.
"నాన్నా, అరకు ఘాట్‌లో నేను వాంతి చేసుకున్న మరక ఉందా?"
"సీటే లేదమ్మా."
కాసేపు ఏం మాట్లాడలేదు. ఫోను కట్టయిందేమో అనుకున్నాను.

మే 26, ఆదివారం
మేస్త్రి రాలేదు. బంధువుల పెళ్లి. బీరువాలో నాన్నగారి లెక్కల పుస్తకం దొరికింది. పాలు, పేపరు, నా ఫీజు. 1986 జూన్: "కారు కింద తారు పూత. తుప్పు రాకుండా. 350." 1987 జూన్: "తారు పూత. 375." 1988లోనూ ఉంది. ఏటా వానలకి ముందు. ఒక్క ఏడూ మానలేదు.

మే 29
కారు కింద పడుకుని గీకాను. తారు వేలెడు మందం. తలుపు కింది పెట్టెకి అడుగున రంధ్రాలుంటాయి. అద్దం సందులోంచి, తలుపు సందులోంచి దిగిన నీళ్లు పోడానికి. ఒక్కటీ కనబడలేదు. కత్తి మొనతో వెతికితే కుడివైపు నాలుగు, ఎడమవైపు నాలుగు. అన్నిట్లో తారు. ఒకటి తెరవగానే నల్లటి బురద చొక్కా మీద పడింది. 1986దో, 87దో.

చొక్కా ఉతకలేదు. పారెయ్యనూ లేదు.

జూన్ 2, ఆదివారం
మేస్త్రి ఫోన్‌లో బొంబాయి టాక్సీ ఫోటో. నలుపు పసుపు పద్మిని. అక్కడ ఆఖరి టాక్సీ 2003లో రిజిస్టరయింది. ఇరవై ఏళ్ల గడువు నిండి 2023 అక్టోబరులో రోడ్డు దిగింది. బొంబాయి కుర్లాలో తయారైన కారు, తయారైన ఊళ్లోనే పోయింది.

మాది 2028లో యాభై దాటుతుంది. అప్పుడు రూలు ప్రకారం వింటేజి. అప్పటిదాకా పాత కారు.

జూన్ 9, ఆదివారం
వాన. పని లేదు. బీచి రోడ్డు దాకా నడిచాను. కుర్సురా సబ్‌మెరైన్ 2002 నుంచి ఇసుకలో మ్యూజియం. పక్కన నిచ్చెన, నిచ్చెన మీద మనిషి, చేతిలో బ్రష్. కాసేపు చూశాను. అతను పూస్తున్న చోట బుడగలున్నాయి. గీకకుండానే పూసేస్తున్నాడు. నేనేమీ అనలేదు.

జూన్ 16, ఆదివారం
అడ్డం యాంగిల్ కోసేశాం. మేస్త్రి తలుపు వేశాడు. పడింది. తీసి మళ్లీ వేశాడు. పడింది. ఆవిడ వంటింట్లోంచి వచ్చింది. "మామయ్యగారు వచ్చినట్టుంది" అంది. లోపలికెళ్లిపోయింది.

డాల్డా ముక్క కొలతకి సరిపోయింది కానీ వాడలేదు. పెన్నుల స్టాండు పక్కన ఉంది.

జూన్ 23, ఆదివారం
జింకు ప్రైమర్ ఆరింది. ఇక అడుగున పూత. మేస్త్రి డబ్బా మూత తీస్తుంటే ఆగమన్నాను. ఎనిమిది రంధ్రాల్లో ఎనిమిది అగ్గిపుల్లలు గుచ్చాను. నవ్వాడు, కానీ ఆగాడు. పూత అయ్యాక ఒక్కొక్కటే లాగాను. ఏడు వచ్చాయి. ఒకటి లోపల విరిగింది. సైకిల్ స్పోకుతో పొడిచాను. వచ్చింది.

నాన్నగారి పుస్తకంలో 1988 లైను కిందే రాశాను: "2024 జూన్. తారు పూత. 2,600. రంధ్రాలు 8, తెరిచే ఉన్నాయి. వానకి ముందు, వాన తర్వాత పొడవాలి. స్పోకు డాష్‌బోర్డులో ఉంది."