శుచి యెవరికొఱకు?

శుచి యను మాటకు మన యిండ్లలో నొక స్థిరమైన యర్థము కలదు. స్నానము, మడి, అంటు, ఎంగిలి మొదలగున వన్నియు దాని చుట్టును తిరుగుచుండును. వీనిలో నారోగ్యమునకు మేలు చేయునవి లేకపోలేదు. కాని యీ శుచి ముఖ్యముగా నితరులనుండి మనలను గాపాడుకొనుటకే యేర్పడినది. మననుండి యితరులను గాపాడుట యందెంత కలదు? జపానుదేశమందలి క్యోతో నగరమున వానలో గడపిన యొక దినము మాకీ ప్రశ్నను గలిగించినది.

ఆ దేశమున జూన్, జూలై నెలలలో పట్టు ముసురునకు ‘ప్లమ్ వాన’ యని పేరు. ఆ పండ్లు పక్వమగు కాలమది. మేమును మా సహధర్మచారిణియు గొడుగులు వేసికొని మొదట సంజూసంగెన్‌దో యను దేవాలయమునకు బోయితిమి. 1266లో మరల గట్టిన యా కొయ్యమందిరము పొడవు సుమారు 120 మీటర్లు. లోపల 1001 అవలోకితేశ్వర విగ్రహములు బారులు తీరియున్నవి. వానితోగూడ నున్న 28 పరివారదేవతలలో బ్రహ్మ, ఇంద్రుడు, గరుత్మంతుడు జపాను పేళ్లతో నగపడిరి. వాయుదేవుడును ఉఱుముల దేవుడును చెఱియొకవైపున నిలిచియుండిరి. పరదేశమున బంధువులను జూచినట్లయ్యెను.

అయినను దేవతలకంటె గడపయే మాకెక్కువ బోధించినది. జనులు పాదరక్షలు విడిచి, తడి గొడుగులను వాకిట నిలిపి లోనికేగుచుండిరి. పాదరక్షలు విడుచుట మనమెఱిగినదే, అది దేవునికొఱకు. గొడుగు విడుచుట వెనుక వచ్చువానికొఱకు. ఆ నీటిపై నతని కాలు జాఱగూడదు.

పిమ్మట నిషికి బజారునకు బోయితిమి. అది సుమారు 390 మీటర్ల పొడవుగల సన్నని వీథి. పైకప్పుండుటచే వానబాధ లేదు. నడచుచు దినవలదని యచ్చట కోరుదురు. టర్నిప్పు దుంపను పలుచని బిళ్లలుగా దఱిగి యూరవేసిన సెన్‌మైజుకె నచ్చట జూచితిమి. “కారము లేదు, నూనె లేదు, ఇదేమి యూరగాయండీ!” యని మా గృహిణి నవ్వెను గాని, రెండు పొట్లములు కొనకమానలేదు. ఆ దేశపు పెద్ద దుకాణములు కొన్నింట, బయట వాన మొదలుకాగానే లోపల వేఱొక పాట వినిపింతురు. అది విని పనివారు కాగితపు సంచులపై ప్లాస్టిక్ తొడుగు వేసి యిత్తురు. కిటికీలేని గదిలో నుండియు వీథిని బోవువాని తడిని దలచుట యిది!

మధ్యాహ్నము యుదోఫు దింటిమి. సోయాచిక్కుడు పాలను విఱిచి చేసిన తోఫును, కొంబు అను సముద్రపు నాచు వేసిన నీటిలో గాచి వేడిగా వడ్డింతురు. మేము శాకాహారులమని తెలిసి, ముంచుకొను పులుసులో చేప కలదని వడ్డించునామె తానే చెప్పి, బదులుగా నుప్పు దెచ్చియిచ్చెను. మా నియమము నామె పాటింపనక్కఱలేదు. అది చెడకుండ జూచిన జాలును.

ఆ దేశమున దోషములు లేవనము. ఒక్కతీరుననుండు పారదర్శకపు గొడుగులు అచ్చటను మాఱిపోవుచుండును. ఆ ప్లాస్టిక్ తొడుగులు తుదకు చెత్తయే. కాని పెక్కు బడులలో పిల్లలు తమ తరగతిగదులను తామే యూడ్చుకొందురు. ఇచ్చట చీపురు ఒక కులమువారి చేతిదని యింకను దలచువారు కలరు. మడిగట్టిన చేతితోనే యింటి చెత్తను గోడ యవతల బాఱవేయువారును గలరు. ఆ చెత్త నెత్తువానిని ‘అంటు’ అనుట యెంత విపరీతము!

బడిలో చీపురు అందఱ పిల్లలకును, ఆడ మగ భేదము గాని కుల భేదము గాని లేక, వంతులవారిగా నందవలెను. మొదటి వంతు ఉపాధ్యాయునిది కావలెను. ఇంటిలో నా వంతును దండ్రులు మొదలుపెట్టుదురుగాక! దేవతలు మననుండి చీనామీదుగా నా దేశమునకేగిరి. అచ్చటినుండి యీ చిన్న యలవాటును దెచ్చుకొనుటకు మనకు సిగ్గేల?