గల్లాపెట్టెకు పరీక్ష

‘ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు’ అన్నారు మన పెద్దలు. నేటి కాలంలో ఆ రెండింటి సరసన హోటలు తెరవడాన్ని కూడా చేర్చవచ్చు. స్థలం కుదరాలి, వంటవారు దొరకాలి, పొయ్యిలు అమరాలి, అనుమతులు రావాలి. ఇన్ని పనుల ఒత్తిడిలో చాలామంది చివరికి వదిలివేసే పని ఒకటుంది. అది గల్లాపెట్టె దగ్గరి బిల్లు యంత్రాన్ని పరీక్షించడం. మీట నొక్కితే చీటీ వస్తుంది, అంతకు మించి చూడవలసినదేముంది అనుకుంటారు. కాని తినేవారికీ, వండేవారికీ, వడ్డించేవారికీ, యజమానికీ నడుమ నిలిచి లెక్క చెప్పే సాక్షి ఆ యంత్రమే. సాక్షి తప్పు చెబితే శిక్ష పడేది నిర్దోషికి.

ఈ యంత్రం అనుమానంలో నుంచి పుట్టింది. అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో, డేటన్ నగరంలో జేమ్స్ రిట్టీ అనే వ్యాపారికి ఒక పానశాల ఉండేది. పనివారు సొమ్ము కాజేస్తున్నారని అతని అనుమానం. 1878లో ఐరోపాకు ఓడలో వెళుతున్నప్పుడు, ఓడను నడిపే పంకా ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కించే పరికరం ఒకటి అతని కంటబడింది. చుట్లను లెక్కించగలిగినప్పుడు అమ్మకాలను మాత్రం ఎందుకు లెక్కించకూడదు? ఈ ఆలోచనతో తిరిగి వచ్చి, సోదరుడు జాన్‌తో కలిసి యంత్రాన్ని రూపొందించి 1879లో పేటెంటు పొందాడు. దానికి అతడు పెట్టిన పేరుకు ‘అవినీతి అంటని గుమాస్తా’ అని అర్థం. మనిషి నమ్మదగనివాడు, యంత్రం నమ్మదగినది అన్న భావం ఆ పేరులోనే ఉంది. నేటికీ ఆ భావం పూర్తిగా తొలగలేదు. లెక్కలో తేడా వస్తే ముందుగా చూపు పడేది యంత్రం మీద కాదు, మనిషి మీద.

కృష్ణా తీరాన ఒక పట్టణంలో కొత్త ఫలహారశాల సిద్ధమైంది. మూడు రోజుల్లో ప్రారంభం. గల్లాపెట్టె దగ్గర కూర్చోవడానికి యజమాని ఒక పెద్దాయనను పిలిపించుకున్నాడు. ముప్పై అయిదేళ్ళు హోటళ్ళలో లెక్కలు రాసిన గుమాస్తా ఆయన. యంత్రాన్ని అమర్చిన యువకుడు ఒక కాఫీకి బిల్లు తీసి చూపి, “అంతా సిద్ధమండీ” అన్నాడు. పెద్దాయన కళ్ళజోడు సవరించుకుని, “ఒక్క కాఫీకైతే బిల్లు పుస్తకం చాలదా బాబూ! ఆదివారం ఉదయం తొమ్మిది గంటల రద్దీలో ఇది ఎలా పనిచేస్తుందో చూద్దాం” అన్నాడు.

ఆ సాయంత్రం బంధువులనూ ఇరుగుపొరుగువారినీ పిలిచి బల్లల ముందు కూర్చోబెట్టారు. అందరూ ఒక్కసారిగా అడగసాగారు. ఒకరికి ఉల్లిపాయ లేని పెసరట్టు కావాలి. మరొకరు ఇడ్లీ చెప్పి, అంతలోనే వద్దన్నారు. ఒక కుటుంబం ఆరో బల్ల నుంచి తొమ్మిదో బల్లకు మారింది. నలుగురు మిత్రులు ఎవరి బిల్లు వారికి విడిగా ఇమ్మన్నారు.

మొదటి లోపం వంటగదిలో బయటపడింది. చీటీ మీద తెలుగు అక్షరాలకు బదులు ఖాళీ గళ్ళు వచ్చాయి. ఇటువంటి చిన్న ముద్రణ యంత్రాలలో చాలావాటికి తెలుగు లిపి తెలియదు. అక్షరాలను బొమ్మగా మార్చి పంపితేనే అచ్చు వేస్తాయి. ఆ చీటీని నమ్ముకుంటే ఉల్లిపాయ వద్దన్న అట్టులో ఉల్లిపాయ పడుతుంది. మాట పడేది మాత్రం అట్టు పోసిన మాస్టరు. పైగా పొయ్యి సెగకు ఆ కాగితం నల్లబడింది. వేడితో అచ్చయ్యే కాగితం వేడి దగ్గర నిలవదు. అందుకే వంటగదిలో సిరా రిబ్బనుతో అచ్చు వేసే యంత్రం మేలు.

రెండవ లోపం పన్నులో కనిపించింది. 345 రూపాయల ఫలహారానికి నూటికి 5 వంతున వస్తు సేవల పన్ను 17 రూపాయల 25 పైసలు. బిల్లులో దానిని కేంద్రానికి సగం, రాష్ట్రానికి సగం చొప్పున చూపాలి. ఒక్కొక్క సగం 8.625 రూపాయలు. దానిని 8.63గా సవరిస్తే రెండు సగాలూ కలిసి 17.26 అవుతాయి. యంత్రం బిల్లులో ఒక పద్ధతినీ, రోజువారీ పట్టికలో మరొక పద్ధతినీ పాటిస్తున్నది. పైసా స్వల్పమే. కాని రోజూ కుదరని లెక్క గుమాస్తా మీద అనుమానాన్ని రోజూ పెంచుతుంది.

చివరికి పెద్దాయన లేచి, రద్దీ నడుమ యంత్రానికి కరెంటు ఆపివేశాడు. నిమిషం తరువాత మళ్ళీ ఇచ్చాడు. నాలుగో బల్ల వారి వివరాలు మాయమయ్యాయి. వంటగదిలో అట్లు పోశారు, బల్ల మీద వడ్డించారు. యంత్రంలో మాత్రం వాటి జాడ లేదు. బిల్లు ముగిసేవరకు అది వివరాలను భద్రపరచడం లేదని తేలింది. “నేను వడ్డించానండీ” అంటూ సర్వరు కుర్రవాడు బిక్కమొగం వేశాడు.

యజమాని నొచ్చుకుంటూ, “ముహూర్తం దగ్గరపడింది బాబాయిగారూ. కరెంటు ఎప్పుడో కదా పోయేది! తరువాత సరిచేయించుకుందాం” అన్నాడు.

పెద్దాయన కొంతసేపు మాట్లాడలేదు. తరువాత నెమ్మదిగా అన్నాడు: “ఈ కుర్రవాడి వయసులో నా పెట్టెలో నూట పది రూపాయలు తగ్గాయి బాబూ. జీతంలో పట్టుకున్నారు. నెలాఖరున చూస్తే తప్పు కూడికలో ఉంది. డబ్బు తిరిగి ఇచ్చారు. కాని ఆ నెల్లాళ్ళూ నన్ను దొంగను చూసినట్లు చూశారు. దానిని ఎవరు తిరిగి ఇస్తారు?”

యజమాని మారు మాట్లాడలేదు. ముహూర్తం మారలేదు. ఆ వేళకు పాలు పొంగించి, దీపం వెలిగించి, వచ్చినవారికి ప్రసాదం పంచారు. అమ్మకం మాత్రం నాలుగు రోజులు ఆగింది. ఆ నాలుగు రోజులూ లోపాలను సరిదిద్ది మళ్ళీ పరీక్షించారు. ఇంటర్నెట్టు ఆపి చూశారు. యూపీఐ ద్వారా చెల్లించిన సొమ్ము ఫోనులో కనిపించి యంత్రంలో కనిపించకపోతే ఏమి చేయాలో నేర్చుకున్నారు. రద్దు చేసిన ప్రతి వంటకం పక్కన రద్దు చేసినవారి పేరు, సమయం నమోదయ్యేలా చేశారు. అన్నీ కుదిరాక పరీక్ష బిల్లులను తొలగించి, బిల్లు సంఖ్యను మొదటికి తెచ్చారు. లేకపోతే అమ్మని అట్టుకు కూడా పన్ను లెక్క చూపవలసి వస్తుంది. యంత్రం మొరాయిస్తే వాడుకోవడానికి గల్లాబల్ల కింద ఒక బిల్లు పుస్తకం ఉంచారు.

దాహం వేసినప్పుడు బావి తవ్వడం వివేకం కాదు. రిట్టీ యంత్రం మనిషిని పరీక్షించడానికి పుట్టింది. మనిషి కూడా ఆ యంత్రాన్ని ముందుగా పరీక్షించినప్పుడే న్యాయం ఇరువైపులా నిలుస్తుంది. ఆ పరీక్ష యజమాని రాబడితోపాటు చిరుద్యోగి పరువును కూడా కాపాడుతుంది.

అమ్మకం మొదలైన వారంలోనే ఒక ఉదయం, రద్దీ వేళ కరెంటు పోయింది. తిరిగి రాగానే సర్వరు కుర్రవాడు గల్లాపెట్టె వైపు ఆత్రంగా చూశాడు. “ఉన్నాయిరా, అన్ని బల్లలూ ఉన్నాయి. నువ్వు వెళ్ళి వడ్డించు” అన్నాడు పెద్దాయన.