రెండు పేర్లున్న కాగితాలు

పెళ్లి కాకుండా జంటగా విదేశం వెళ్లాలంటే ఎంతవుతుందని అడిగేవాళ్లకు నేను ముందు ఒక ప్రశ్న వేస్తాను: మీరు వెళ్లేది మీ భాగస్వామి సొంత దేశానికా, మరో దేశానికా? ఖర్చంతా దాని మీదే ఉంటుంది.

మావాడు, అంటే నా భాగస్వామి, జర్మన్. హైదరాబాద్‌లో ఎంప్లాయ్‌మెంట్ వీసా మీద పనిచేసేవాడు. జర్మనీకే వెళ్దామంటే పెళ్లి సర్టిఫికెట్ అయినా ఉండాలి, నాకంటూ ఉద్యోగమైనా ఉండాలి. అదే అతను నెదర్లాండ్స్‌లో ఉద్యోగం తెచ్చుకుంటే యూరోపియన్ యూనియన్ 2004/38 డైరెక్టివ్ వర్తిస్తుంది. సొంత దేశం వదిలి మరో సభ్యదేశంలో ఉండే పౌరుల కోసం పెట్టిన చట్టమది. స్థిరమైన బంధం ఉందని రుజువు చూపగలిగితే, పెళ్లి కాని భాగస్వామి రాకను కూడా సులభం చెయ్యాలని దాని మూడో అధికరణం చెబుతుంది. సొంతింట్లో దొరకని మర్యాద పొరుగింట్లో దొరికినట్టు! సులభం చెయ్యమన్నారే గాని హక్కు ఇవ్వలేదు. అయితే ఫైలు పూర్తిగా పరిశీలించాలి, కాదంటే కారణం చెప్పాలి అని 2012లో రహమాన్ కేసులో యూరోపియన్ యూనియన్ న్యాయస్థానం తేల్చింది.

మిగతా దేశాలూ చూశాం. ఆస్ట్రేలియా పార్ట్‌నర్ వీసా ఫీజే 9,000 డాలర్లు దాటింది, మన డబ్బుల్లో అయిదు లక్షల సంగతి. పైగా అది అక్కడి పౌరుడి జంటకో, శాశ్వత నివాసి జంటకో ఇచ్చేది. జర్మన్ పాస్‌పోర్టు దానికి పనికిరాదు. బ్రెగ్జిట్ తర్వాత బ్రిటన్‌లో అతనూ పరాయివాడే. ఇద్దరికీ వీసా ఫీజులు, వాటి మీద ఆరోగ్య సర్‌చార్జి మనిషికి ఏడాదికి 1,035 పౌండ్లు. ఆ లెక్కల కాగితం అక్కడే మడిచేశాను.

"రిజిస్ట్రార్ ఆఫీసులో రెండు సంతకాలు పెడితే పోయేదానికి ఇంత తంటా ఎందుకే?" అంది అమ్మ. లెక్కప్రకారం అమ్మ మాట నిజమే. స్పెషల్ మ్యారేజ్ యాక్ట్ కింద 30 రోజుల నోటీసు, నామమాత్రపు ఫీజు. కానీ వీసా కోసం పెళ్లి చేసుకోవడం మా ఇద్దరికీ ఇష్టం లేదు. ఆ అయిష్టానికి ఎంత ఖర్చవుతుందో తెలిసే దిగాం.

చివరికి నెదర్లాండ్స్‌నే ఖాయం చేసుకున్నాం. డచ్ వాళ్లు అడిగేది కనీసం ఆరు నెలలు కలిసి ఉన్నట్టు రుజువు. ఆమ్‌స్టర్‌డామ్‌లో ఇదేం పెద్ద పని కాదు. హైదరాబాద్ కొండాపూర్‌లో కరెంటు బిల్లు ఓనరు పేరు మీద, పదకొండు నెలల అగ్రిమెంటు ఒక్కరి పేరు మీద ఉంటుంది. రెండో పేరు రాయమంటే ఓనరు కళ్లజోడు సర్దుకుని "ఆయన మీకేమవుతారమ్మా?" అన్నాడు. చివరికి అద్దె కాస్త పెంచితే స్టాంపు పేపరు మీద పేరెక్కింది. నా దృష్టిలో ఆ పెంచిన అద్దే అసలు వీసా ఫీజు. అది మొదలు జాయింట్ అకౌంట్ తెరిచి అద్దె, సరుకులు, గ్యాసు అన్నీ దాని నుంచే కట్టాం. నాకు పెళ్లి కాలేదన్న అఫిడవిట్‌కు నోటరీ, ఆపైన విదేశాంగ శాఖ అపోస్టిల్. అపోస్టిల్ ఫీజు 50 రూపాయలే, ఏజెన్సీ చార్జీలే ఎక్కువ. షెంగెన్ వీసాకు మామూలు ఫీజు 90 యూరోలు.

ఇక రెసిడెన్స్ కార్డు. దరఖాస్తు పెట్టాక ఆరు నెలల్లోగా ఇవ్వాలి, ఫీజు అక్కడి పౌరుల గుర్తింపు పత్రాల ఫీజును మించకూడదు. చవకే, కానీ ఆ ఆరు నెలలూ నాకు జీతం ఉండదనే అనుకుని డబ్బు పక్కన పెట్టాను.

మాతో ఎవరూ పెద్దగా మాట్లాడనిది అదే డైరెక్టివ్‌లోని 13వ అధికరణం గురించి. భార్యాభర్తలు గాని, రిజిస్టర్డ్ పార్ట్‌నర్లు గాని విడిపోతే, ఆ బంధం మూడేళ్లు నిలిచి అందులో ఏడాది ఆ దేశంలో గడిచి ఉంటే నివాసం నిలుస్తుంది. మాలాంటి జంటల ఊసు అందులో లేదు. అంటే అయిదేళ్లకు శాశ్వత నివాసం వచ్చేదాకా నా కార్డు మా బంధం మీద ఆధారపడిందే. అందుకే హైదరాబాద్‌లో ఒక ఫిక్స్‌డ్ డిపాజిట్ నా ఒక్కదాని పేరు మీదే ఉంచాను: తిరుగు టిక్కెట్టు, కొన్ని నెలల అద్దె, మళ్లీ ఉద్యోగం దొరికేదాకా ఇంటి ఖర్చు. "సగం నేను వేస్తాను" అన్నాడు మావాడు. వద్దన్నాను, అతనూ నొచ్చుకోలేదు. నేను ప్రవాసినయ్యాక అది ఎన్ఆర్‌ఓ ఖాతా అయింది. వడ్డీ మీద టీడీఎస్ 30 శాతం, సెస్సు అదనం. డచ్ ట్యాక్స్ ఆఫీసు నుంచి నివాస ధ్రువపత్రం తెచ్చిస్తే రెండు దేశాల ఒప్పందం ప్రకారం 10 శాతానికి దిగుతుంది. ఈ వారం ఆ ఫారాలే నింపుతున్నాను.