హేస్టింగ్స్‌లో చివరి వరుస

లండన్‌లో గడిపిన వారం గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. వాన, మ్యూజియాలు, మళ్లీ వాన. హేస్టింగ్స్‌కి మాత్రం పనిగట్టుకుని వెళ్లాను. 1895లో చదరంగం మహామహులంతా ఆడిన ఊరది. స్టైనిట్స్ దాడికి జవాబు దొరక్క, ఓడిపోయానని కూడా చెప్పకుండా ఫాన్ బార్డెలెబెన్ హాల్లోంచి లేచి వెళ్లిపోయింది అక్కడే. మన గుంటూరు హరికృష్ణ 2001-02లో మరో ఇద్దరితో కలిసి మొదటి స్థానం పంచుకున్నదీ ఆ ఊరి పోటీలోనే.

ఒడ్డంతా గులకరాళ్లు, ఎముకలు కొరికే గాలి. అక్కడి చేప వేపుడు గొప్పదంటారు. కారం తగలని ఆ ముద్ద నాకైతే సయించలేదు.

పోటీ జరుగుతున్న హాల్లో జనమంతా గ్రాండ్‌మాస్టర్ల బల్లల చుట్టూనే. నేను గోడవార చివరి వరుసలో ఆగిపోయాను. డెబ్బై దాటిన పెద్దాయన, ఎదురుగా కాలేజీ వయసు అమ్మాయి. ఇద్దరూ క్లబ్బు స్థాయి ఆటగాళ్లే. చెరో రాజు, చెరో ఏనుగు, అమ్మాయికి అదనంగా ఒక బంటు. పెద్దాయన గడియారం అడుగంటింది; ఎత్తు ఎత్తుకీ కలిసే ముప్ఫై సెకన్లతోనే నెట్టుకొస్తున్నాడు. చెయ్యి వణుకుతోంది గానీ, ఏనుగు మాత్రం తన వైపు నుంచి మూడో వరుస వదలడం లేదు. ఎడమకి, కుడికి, మళ్లీ ఎడమకి. అదక్కడ ఉన్నంతసేపూ అమ్మాయి రాజు గీత దాటలేడు.

ఈ కిటుకు 1777 నాటి ఫిలిడోర్ పుస్తకంలోది. ఫ్రాన్సులో ఒపెరాలకి బాణీలు కట్టిన మనిషి ఆయన, కన్నుమూసింది లండన్‌లో. ఆయన ఒపెరాలు ఇప్పుడెంతమంది వింటారో గానీ, ఈ ఏనుగు కాపలా మాత్రం క్లబ్బు క్లబ్బుకీ తెలుసు.

చివరికి విసుగెత్తి అమ్మాయి బంటుని ముందుకి తోసింది. అంతే, పెద్దాయన ఏనుగు బోర్డు అవతలి కొసకి దూకింది. వెనకనుంచి చెక్. మళ్లీ చెక్. రాజు తలదాచుకోవాల్సిన గడిలో సొంత బంటే కూర్చుంది! అమ్మాయి కాసేపు బోర్డు వంక చూసి చెయ్యి చాపింది. ఒకరి కాగితం మీద ఒకరు సంతకాలు చేసుకున్నారు. చెరో అర పాయింటు.

పక్క గదిలో మళ్లీ పావులు పేర్చుకుని వాదులాటకి దిగారు. గుర్రాలు మార్చుకోకుండా ఉంటే నువ్వే గెలిచేదానివని ఆయన, మార్చుకోక తప్పలేదని ఈమె. నాకు అమ్మాయి మాటే సబబనిపించింది.

కొత్త సంవత్సరం రోజుల్లో అటు వెళ్తే చారింగ్ క్రాస్‌లో హేస్టింగ్స్ రైలెక్కండి. పెద్దవాళ్ల ఆటలు ఇంట్లో కూర్చుని ఫోన్‌లో చూడొచ్చు, చివరి వరుస ఆటలు అక్కడికి వెళ్తేనే కనిపిస్తాయి.