ఎయిర్‌హాగ్స్ ఆడిన చోట

రాజపాళయం

బావా,

డల్లాస్‌లో చూసింది ఫోన్లో చెబితే నువ్వు స్కోరు అడిగి పెట్టేస్తావు. అందుకే ఉత్తరం.

అమ్మాయివాళ్ళు గ్రాండ్ ప్రెయిరీ స్టేడియానికి తీసుకెళ్ళారు, టెక్సస్ సూపర్ కింగ్స్ క్రికెట్ ఆటకి. గుర్రప్పందేల మైదానం పక్కనే. ఏడువేల పైచిలుకు సీట్లు, అంతే. బంతి బ్యాటుకి తగిలిన చప్పుడు, బౌండరీ దగ్గర ఫీల్డరు గొణుగుడు అన్నీ వినపడ్డాయి. ఆటంటే అట్లా చూడాలి. శంకర్‌నగర్ సిమెంటు కంపెనీ గ్రౌండులో టీఎన్‌పీఎల్ చూసినప్పుడు నువ్వూ ఈ మాటే అన్నావు.

అల్లుడు చెప్పాడు, అది క్రికెట్‌కి కట్టింది కాదట. 2008లో ఎయిర్‌హాగ్స్ అనే బేస్‌బాల్ జట్టు కోసం కట్టారు. అక్కడ చిన్న జట్లలో చాలావాటికి పెద్ద జట్ల అండ ఉంటుంది. వీళ్ళకి అదీ లేదు. 2011లో వాళ్ళ లీగు గెలిచారు. అదే ఏడు మన చెన్నై సూపర్ కింగ్స్ ఐపీఎల్ కప్పు కొట్టింది, చూడు! అదీ 2008లో పుట్టిన జట్టే. తర్వాత ఎయిర్‌హాగ్స్‌కి రోజులు బాగాలేవు. 2018లో చైనా జాతీయ జట్టు కుర్రాళ్ళని తెచ్చి ఆడిస్తే ఓటములే ఎక్కువ. 2019తో ఆట ముగిసింది.

బేస్‌బాల్ మైదానం విసనకర్ర లాంటిది, బ్యాటరు పిడి దగ్గర నిలబడతాడు. మనకేమో పిచ్ నడిమధ్యన కావాలి. అందుకని చాలావరకు మార్చేసి 2023 జులై 13న క్రికెట్ మొదలెట్టారు. ఆ రోజు సూపర్ కింగ్స్ 69 పరుగులతో గెలిచారు. మరుసటేడు జూన్‌లో అమెరికా పాకిస్తాన్‌ని సూపర్ ఓవర్లో ఓడించిందీ అక్కడే.

మా చుట్టూ అంతా తెలుగే, పసుపు చొక్కాలే. ఎయిర్‌హాగ్స్ సంగతి అడిగితే ఒక్కరికీ తెలియదు. వాళ్ళని తప్పుపట్టను, మన రాజులు ఈ రాజపాళయానికి వచ్చినప్పుడు ఇక్కడ అంతకుముందు ఎవరుండేవారని అడిగారా ఏమిటి? కానీ 2011లో ఆ గెలుపుకి ఎగిరి గంతేసినవాళ్ళు ఇప్పుడు ఏ ఆట చూస్తున్నారోనని నాకు ఒకటే ఆలోచన. మీవాడు అక్కడే పనిచేస్తున్నాడుగా. ఆఫీసులో వయసైనవాళ్ళెవరైనా ఆ ఆటలకి వెళ్ళేవారేమో, కాస్త కనుక్కోమను.

నీ
బావ